పొదుపు బజారులో ఒక వాటా

కందిపప్పు గింజ పంటి కింద పెట్టి కొరికి, అది వినుకొండ వైపు కందో మాచర్ల వైపు కందో చెప్పగల మనిషి సీతారామాంజనేయులు. నరసరావుపేట పాత బజారులో తండ్రి పెట్టిన కిరాణా కొట్లో పదహారో ఏట గల్లాపెట్టె ముందు కూర్చుని, యాభై ఆరో ఏట లేచాడు. ఆ నలభై ఏళ్ళలో కొట్టు పెరగనూ లేదు, తరగనూ లేదు. పన్నెండడుగుల వాకిలి, ముందు కాటా, వెనక మిరపకాయల ఘాటు నిండిన చీకటి గది. కూతురి చదువూ పెళ్ళీ, బరంపేటలో రెండు గదుల ఇల్లూ అన్నీ ఆ కొట్టు మీదే జరిగాయి. ఊరంతా ఆయన్ను శెట్టిగారనే పిలిచేది.

ఆ కొట్టు నడిచిందంటే అందులో ఇంకో మనిషి చెయ్యి కూడా ఉంది. పున్నమ్మది పక్కనున్న రావిపాడు. భర్త పోయాక నెలల పిల్ల భావనను చంకనేసుకుని పప్పులు చెరిగే పనికి వచ్చింది. ఏడాదికి పొట్లాలు కట్టే దగ్గరికి, ఇంకో ఏడాదికి కాటా దగ్గరికి చేరింది. చదివింది ఐదో తరగతే. అయినా ఎవరింట్లో ఏ సబ్బు వాడతారో, కోటప్పకొండ తిరనాళ్ళకి ఎన్ని బస్తాల బెల్లం పోతుందో ఆమె నాలిక మీద ఉండేది. శెట్టిగారు సరుకు కోసం గుంటూరు వెళ్ళిన రోజుల్లో కొట్టు తాళాలు ఆమె దగ్గరే.

రవిచంద్ర వచ్చింది 2018లో. రొంపిచర్ల వైపు మిరప రైతు కొడుకు. వాళ్ళ నాన్న ఈ కొట్టుకి పాత ఖాతాదారు. ఎంబీఏ చదివి, హైదరాబాదులో ఒక పెద్ద స్టోరులో నాలుగేళ్ళు పనిచేసి, ఉద్యోగం మానుకుని వచ్చేశాడు. కొట్టు ముందు బల్ల మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళను ఓ గంటసేపు చూసి, అప్పుడు నోరు విప్పాడు.

“బాబాయ్, ఉన్నమాట చెప్తా, కోపం తెచ్చుకోమాకండి. ఇంకో ఐదేళ్ళకి ఇట్టాంటి కొట్లు ఉండవు. ఎవరో వచ్చి మనల్ని మూయించేలోపల మనమే పెద్దది పెడదాం. అన్నీ ఎంఆర్‌పీ కంటే తక్కువకే. నెల సరుకంతా జనం ఒక్కచోట కొనుక్కుపోవాలి.”

“డబ్బెవరు పెడతారు అబ్బాయ్?”

“మన ఊరివాళ్ళే. కంపెనీ రిజిస్టరు చేయిద్దాం. ఒక్కో వాటా లక్షన్నర. మనుషుల్ని నేను కూడగడతా. మీ దగ్గర నాక్కావాల్సింది డబ్బు కాదు బాబాయ్, మీ ముఖం. లోపల శెట్టిగారున్నాడంటే జనం అనుమానం లేకుండా వస్తారు.”

ఆంజనేయులు వారం రోజులు ఆలోచించాడు. ఆ కుర్రాడి మాటలో తప్పేమీ కనపడలేదు. అప్పటికే కుర్ర సంసారాలు సబ్బులూ షాంపూలూ గుంటూరు మాల్స్‌లో తెచ్చుకుంటున్నాయి. కొట్టుకి వచ్చేవాళ్ళ తలలు ఏటికేడు నెరుస్తున్నాయి. అయితే ఆయనకి ఇంకో సంగతి కూడా తెలుసు. తక్కువ లాభానికి అమ్మే కొట్టు తిరుగుడు మీద బతకాలి. ర్యాకులో సరుకు నెలకి నాలుగుసార్లు ఖాళీ అయితేనే రూపాయి నాలుగు రూపాయల పని చేస్తుంది. ఒక్కసారే ఖాళీ అయితే కరెంటు బిల్లుక్కూడా చాలదు. చిన్న కిరాణా కొట్టు బేరం లేని నెలలో పస్తుండి బతుకుతుంది. అద్దె లేదు, జీతాలు లేవు. పెద్ద కొట్టు పస్తుండలేదు. అది రోజూ నిండాలి. నిండినన్నాళ్ళూ దానంతటిది లేదు. పక్కన ఇంకోటి లేచిందా, పాతదాన్ని ఆదుకునే నాథుడుండడు.

తెలిసే పెట్టాడు. కొట్టు ఉన్న స్థలం అమ్మి, పన్నెండు వాటాలు తీసుకున్నాడు. రవిచంద్ర తర్వాత పెద్ద వాటా ఆయనదే. మిగతా వాటాలు రిటైరైన మాస్టర్లూ, మిర్చి వ్యాపారులూ, ఒక డాక్టరూ పంచుకున్నారు. పల్నాడు రోడ్డులో ఒక పాత జిన్నింగు మిల్లు షెడ్డు అద్దెకు తీసుకుని, ‘పొదుపు బజార్’ అని పచ్చరంగు బోర్డు పెట్టారు.

ర్యాకులు బిగిస్తున్న రోజుల్లో ఒకనాటి పొద్దున పున్నమ్మ వచ్చింది. చీర కొంగుతో కప్పిన చేతిసంచి ముందుకు పెట్టింది.

“శెట్టిగారూ, నేను గూడా రెండు వాటాలు తీసుకుంటా. ఊళ్ళో నా భాగం స్థలం అమ్మితే వచ్చిందీ, చీటీ పాడిందీ కలిపితే సరిపోయింది. పెట్టమంటారా?”

ఆంజనేయులు నాలిక చివరిదాకా ఒక మాట వచ్చింది: ‘ఉన్నదంతా పెట్టబాక పున్నమ్మా, ఒక్క వాటా తీసుకో, ఇంకోటి బ్యాంకులో వేసుకో.’ పక్కనే రవిచంద్ర నిలబడి ఉన్నాడు. పైన బోర్డు కడుతున్నారు. తెరవకముందే అపశకునం మాట ఎందుకని ఆయనకు అనిపించింది. దానికి తోడు, పద్దెనిమిదేళ్ళు తన దగ్గర పనిచేసిన మనిషి తన వెనకే వస్తానంటే లోపల కాస్త సంతోషంగా కూడా ఉంది.

“నీ ఇష్టం పున్నమ్మా. నేనైతే పెట్టా” అన్నాడు.

అందులో అబద్ధం ఏమీ లేదు. కానీ చెప్పాల్సింది అది కాదని, ఆ మాట అంటున్నప్పుడే ఆయనకు తెలుసు.

మొదటి వారం పల్నాడు రోడ్డు మీద ట్రాఫిక్ ఆగిపోయింది. పల్లెల నుంచి ఆటోలు కట్టించుకుని వచ్చారు జనం. పంచదార బయటికంటే రెండు రూపాయలు తక్కువ, పామాయిల్ ఐదు తక్కువ. ఆంజనేయులుది కొనుగోలు పని. కారంపూడి, గురజాల, మాచర్ల తిరిగి రైతుల కళ్ళాల్లోనే కందులు కొని, మరపట్టించి, ‘మన పల్నాడు కందిపప్పు’ అని సంచుల్లో పెట్టించాడు. ఆ పప్పు కోసమే వచ్చేవాళ్ళుండేవాళ్ళు. పున్నమ్మ పచ్చరంగు యూనిఫారం కోటు చీర మీద తొడుక్కుని పప్పుల సెక్షన్ చూసుకునేది.

కరోనా వచ్చినప్పుడు ఊరంతా తలుపులు వేసుకుంది. పొదుపు బజారు వాళ్ళు ఫోన్లో లిస్టు రాసుకుని, అబ్దుల్ రహీమ్ అనే ట్రాలీ ఆటో అతనితో సందు సందుకీ సరుకు పంపారు. రహీమ్ మనిషికి నలభై ఏళ్ళుంటాయి, నెమ్మదస్తుడు. వాకిట్లో సంచి దించి, దూరం జరిగి, “అమ్మా, శెట్టిగారి సరుకు!” అని కేకేసేవాడు. ఆ రెండేళ్ళూ వాటాదార్లకు లాభం కూడా పంచారు. పున్నమ్మ తనకొచ్చిన దాంతో భావన చేత డిగ్రీ పూర్తి చేయించింది.

2022లో పల్నాడు జిల్లా అయింది. నరసరావుపేట జిల్లా కేంద్రమైంది. టపాకాయలు కాల్చారు. కొట్టు ముందు రవిచంద్ర లడ్లు పంచాడు. కలెక్టరాఫీసు వచ్చింది, ఉద్యోగులు వచ్చారు, అద్దెలు పెరిగాయి. ఊరు పెద్దదైతే బేరం పెద్దదవుతుందనుకున్నారందరూ. ఊరు పెద్దదైతే పెద్దవాళ్ళ కళ్ళు దాని మీద పడతాయని ఎవరికీ తోచలేదు.

మరుసటి ఏడు అదే రోడ్డులో, అర కిలోమీటరు దూరంలో, హైదరాబాదు కంపెనీ స్టోరు ఒకటి లేచింది. మూడంతస్తులు, కింద కార్లు పెట్టుకునే చోటు, లోపల చల్లదనం. వాళ్ళకి రెండు తెలుగు రాష్ట్రాల్లో మూడొందల కొట్లు. ప్రారంభం నాడు కందిపప్పు కిలో మీద పాతిక తగ్గించారు. రవిచంద్ర కూడా తగ్గించాడు. వాళ్ళు ఇంకో పది తగ్గించారు. మూడో వారానికి పొదుపు బజారు పప్పుని కొన్న ధర కంటే తక్కువకి అమ్ముతోంది.

“ఇది మహా అయితే ఆరు నెలలు బాబాయ్. తర్వాత వాళ్ళే పెంచుతారు” అన్నాడు రవిచంద్ర.

ఆరు నెలలు గడిచాయి. వాళ్ళు పెంచలేదు. పొదుపు బజారులో ఆదివారాలు కూడా ఆరు బిల్లింగు కౌంటర్లలో రెండు మూశారు. కొంతమంది కుర్రాళ్ళు మానేసి ఆ స్టోరులోనే చేరారు. రహీమ్ ఆటోకి కిరాయి తగ్గిపోతే అతనూ మానుకున్నాడు.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం ఆంజనేయులు భోజనానికి ఇంటికి వచ్చేసరికి గేటు దగ్గర రహీమ్ నిలబడి ఉన్నాడు. భుజాన పెద్ద నల్లసంచి. చేతిలో అట్టపెట్టె.

“ఏం రహీమూ, ఇట్టా వచ్చావ్?”

రహీమ్ తల దించుకున్నాడు. “ఆన్‌లైన్ కంపెనీలో చేరా శెట్టిగారూ. పార్సిళ్ళు ఇస్తన్నా. రోజుకి ఇన్నని గ్యారంటీ ఉంది.” అట్టపెట్టె కేసి చూసి, అడగకుండానే, “ఇది మీ ఇంటికే” అన్నాడు.

లోపలినుంచి శ్యామల వచ్చింది. భర్తను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. పెట్టె మీద ఆమె పేరే ఉంది.

రహీమ్ వెళ్ళిపోయాక శ్యామల కంచం పెట్టింది. ఆయన చెయ్యి కడుక్కోలేదు. ఆమే పెట్టె విప్పి ముందు పెట్టింది. బట్టల సబ్బు పొడి, నూనె డబ్బా, పిండి వంటకి జీడిపప్పు.

“మన కొట్టు ఉండగా...” అన్నాడు.

“మన కొట్లో ఇవే కొంటే నూటనలభై ఎక్కువ అవుతున్నాయండీ. ముందు నేనూ మనసొప్పక తెప్పించలేదు. మోకాళ్ళ నొప్పితో ఆ షెడ్డులో తిరగలేకపోతున్నా. పక్కింటి కోటేశ్వరమ్మ గారు ఫోన్లో ఎలా పెట్టాలో చూపించింది.” పెట్టె మూత వేస్తూ, “రూపాయి తక్కువొస్తే చుట్టమైనా పక్క కొట్టుకి పోతాడని మీ నోటే విన్నాను గదండీ, ఈ నలభై ఏళ్ళూ” అంది.

ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. అదే ఆయనకు ఎక్కువ బాధనిపించింది. అన్నం కలుపుకుని నాలుగు ముద్దలు తిని లేచాడు.

మర్నాడు పొద్దున పదింటికి, ఎవరికీ చెప్పకుండా, చేతిసంచి పట్టుకుని ఆ హైదరాబాదు కంపెనీ స్టోరులోకి నడిచాడు. నలభై ఏళ్ళ పైచిలుకు వ్యాపారంలో, సరుకు కొనేవాడిగా ఇంకొకరి కొట్టు గడప తొక్కడం ఆయనకు అదే మొదటిసారి. గుమ్మంలో ఒకమ్మాయి నమస్కారం పెట్టి బుట్ట చేతికిచ్చింది. చల్లగాలి ముఖానికి తగిలింది.

పప్పుల దగ్గరికే వెళ్ళాడు. డబ్బాలో గరిట పెట్టి, నాలుగు గింజలు అరచేతిలో పోసుకుని, అటూ ఇటూ చూసి, ఒకటి నోట్లో వేసుకున్నాడు. పుచ్చు ఉంటే బాగుండుననుకున్నాడు. పోనీ పాత పప్పైనా అయితే బాగుండుననుకున్నాడు. గింజ టక్కున విరిగింది. మంచి పప్పు. కొత్త పంట. ఆ ధరకి ఆ పప్పు తను జన్మలో తేలేడు.

మలుపు తిరిగేసరికి రిటైర్డు లెక్కల మాస్టారు ఎదురుపడ్డాడు. పొదుపు బజారులో ఆయనకీ నాలుగు వాటాలున్నాయి. బండి నిండా సరుకుంది. మాస్టారు గబుక్కున బండిని తన వెనక్కి లాగబోయి, ఆంజనేయులు చేతిలోని బుట్ట చూసి, ఆగిపోయాడు.

“మనవడు బిస్కెట్లు అడిగితే...” అన్నాడు మాస్టారు.

“అవునవును” అన్నాడు ఆంజనేయులు.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడలేక, చెరో దారిన వెళ్ళారు. ఆంజనేయులు అరకిలో పప్పుకి వరసలో నిలబడి, డబ్బు కట్టి, బయటికొచ్చి, ఎండలో పొదుపు బజారు దాకా నడిచాడు. అప్పుడే నిర్ణయం అయిపోయింది. నోటితో చెప్పడానికి మాత్రం ఇంకో ఎనిమిది నెలలు పట్టింది.

ఆ ఎనిమిది నెలలూ రవిచంద్ర పడని పాట్లు లేవు. లక్కీ డ్రాలు పెట్టాడు, ఆటోల మీద మైకులు పెట్టించాడు, పండగ పూట ఉచితంగా గిన్నెలిచ్చాడు. ఏది చేసినా వారం రోజులు జనం వచ్చేవాళ్ళు, ఆపైన మామూలే. చివరికి 2025 ఫిబ్రవరిలో వాటాదార్లను మీటింగుకి పిలిచాడు. షెడ్డు వెనక గోడౌన్లో కుర్చీలు వేశారు. పున్నమ్మ డ్యూటీలో ఉంది కాబట్టి యూనిఫారం కోటుతోనే వచ్చి తలుపు పక్కన కూర్చుంది.

రవిచంద్ర ప్రొజెక్టరుతో గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. మనమే సొంత యాప్ పెట్టుకోవాలి, ఏసీలు పెట్టాలి, ఎలక్ట్రానిక్ సామాను తేవాలి. ఒక్కో వాటాకి ఇంకో యాభై వేలు వేస్తే చాలు. గొంతు బొంగురుపోయింది. చెప్పడం అయిపోయాక అందరూ ఆంజనేయులు వైపు చూశారు. ఎప్పుడూ అంతే. ఆయన ఊఁ అంటే ఊఁ అనేవాళ్ళే అందులో చానామంది.

ఆయన లేచి నిలబడ్డాడు.

“నేను వాళ్ళ కొట్టుకి వెళ్ళి చూసొచ్చా. వాళ్ళ సరుకు చెడ్డదని చెప్దామనుకున్నా. చెడ్డది కాదు. వాళ్ళకి మూడొందల కొట్లున్నాయి. ఒక కొట్టు మూడేళ్ళు నష్టపోతే మిగతావి మోస్తాయి. మనకున్నది ఒక్కటే. దాన్ని మోయాల్సింది మనమే. ఇక ఫోన్లో కొనేవాళ్ళంటారా, మా ఇంట్లోనే ఉన్నారు. ఇవాళ ఆపితే పనివాళ్ళకి జీతాలిచ్చి, సరుకిచ్చినవాళ్ళకి కట్టేసి, మనకీ ఎంతో కొంత మిగుల్తది. ఇంకా లాగితే, చివరికి జీతాలు కూడా ఎగ్గొట్టి తలుపులేసుకుంటాం. నా మాట, మూసేద్దాం.”

రవిచంద్ర ముఖం ఎర్రబడింది.

“ఇంత తెలిసినవారు మొదలుపెట్టేటప్పుడు ఎందుకు చెప్పలా బాబాయ్? పక్కన ఇంకోటి లేస్తే మనం నిలబడలేమని మీకు అప్పుడు తెలవదా?”

ఆంజనేయులుకి మాట దాటవేయడం చేతకాలేదు.

“తెలుసు. చెప్పాల్సింది. చెప్పలా. ఆ తప్పు నాది రవీ” అన్నాడు. అంటూ తలుపు వైపు చూశాడు. పున్నమ్మ ఆయన్నే చూస్తోంది. ఆ చూపులో ఏముందో ఆయనకు అంతుపట్టలేదు.

మూసేద్దామనేవాళ్ళు చేతులెత్తమన్నారు. ఎవరూ ఎత్తలేదు. ఒకరినొకరు చూసుకుంటున్నారు. అప్పుడు తలుపు పక్క నుంచి పచ్చకోటు చెయ్యి ఒకటి లేచింది. అక్కడున్నవాళ్ళందరిలో ఆ కొట్టు మూతపడితే పెట్టుబడితో పాటు నెలజీతం కూడా పోయే మనిషి ఆమె ఒక్కతే. ఆమె చెయ్యి చూశాక మిగతా చేతులు ఒకటొకటిగా లేచాయి.

అమ్మకాలు నెలరోజులు సాగాయి. ర్యాకులూ, ఫ్రిజ్జులూ, చివరికి పచ్చబోర్డు ఇనుప చట్రం కూడా అమ్మేశారు. పనివాళ్ళు పద్నాలుగు మందికీ రెండేసి నెలల జీతం ముందు ఇప్పించాలని ఆంజనేయులు పట్టుబట్టాడు, ఇప్పించాడు. షెడ్డు తాళాలు ఓనరుకి అప్పగించే పొద్దున రవిచంద్ర గుమ్మం మెట్ల మీద కూర్చుండిపోయాడు. ఈ కొట్టు కోసం అతను తండ్రి పొలంలో రెండెకరాలు అమ్మాడు. మీటింగు నాటి నుంచి ఆంజనేయులుతో ముక్తసరిగా తప్ప మాట్లాడలేదు. ఆంజనేయులు వెళ్ళి, మోకాలు పట్టుకుంటూ, పక్కనే కూర్చున్నాడు.

“నాన్నకి ముఖం ఎట్టా చూపించాలి బాబాయ్?”

“పద, నేను గూడా వస్తా.”

ఆ రోజు ఇద్దరూ బస్సెక్కి రొంపిచర్ల వెళ్ళారు. మిరప కళ్ళంలో ఉన్న ముసలాయన ఇద్దర్నీ ఎగాదిగా చూసి, ఏమీ అడగకుండా, “అన్నం తిన్నారా?” అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆంజనేయులు ఒక్కడే బస్సెక్కాడు. తర్వాత కొన్నాళ్ళకి రవిచంద్ర గుంటూరు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీలో మేనేజరుగా చేరాడని తెలిసింది. పండగలకు ఫోన్ చేస్తాడు.

పెట్టినదాంట్లో సగానికి తక్కువే అందరికీ తిరిగి వచ్చింది. ఆంజనేయులు తన వంతు తీసుకున్న వారానికి, పున్నమ్మకి ఎంత పోయిందో అంత ఒక కవర్లో పెట్టుకుని, శ్యామలతో చెప్పి, పొద్దున్నే ఆమె ఇంటికి వెళ్ళాడు. ప్రకాష్ నగర్లో ఒంటి గది, ముందు రేకుల పంచ. పున్నమ్మ పంచలో చేటలో మినుములు పోసుకుని రాళ్ళేరుతోంది. లేచి కుర్చీ వేసింది. ఆయన కవరు చేట పక్కన పెట్టాడు.

“ఇదేంది?”

“నీకు పోయింది. ఆ రోజు నువ్వడిగినప్పుడు నేను సరిగ్గా చెప్పలేదు పున్నమ్మా. అన్నీ తెలిసి నోరు మూసుకున్నా. నామీద నమ్మకంతో పెట్టావు. ఇది నేనే ఇచ్చుకోవాలి.”

పున్నమ్మ కవరు ముట్టుకోలేదు. చేతులు దులుపుకుంది.

“శెట్టిగారూ, ఒక మాటంటా, ఏమనుకోమాకండి. మీరు ఎగదోస్తే పడ్డ మనిషిలాగా కనపడతన్నానా మీకు? పద్దెనిమిదేళ్ళు మీ కొట్లో ఉన్నా. తక్కువ లాభం మీద బతికే కొట్టు రోజూ నిండాలని నాకు మాత్రం తెలవదా? పక్కన ఇంకోడొస్తే ఏమయిద్దో తెలవదా? తెలిసే పెట్టా.”

“మరి నన్నెందుకడిగావ్?”

“పెద్దాయన గదా, చెప్పకుండా పెడితే బాగుండదని అడిగా.” ఆమె గొంతు కొంచెం తగ్గింది. “మీ కొట్లో నేను జీతం మనిషిని. ఆడ రెండు వాటాల మనిషిని. మీటింగుకి రమ్మని నా పేరు మీద కాయితం వచ్చేది. డాక్టరు గారి పక్కన కుర్చీ వేసేవాళ్ళు. ఏడేళ్ళు నేను గూడా ఆ కొట్టుకి ఓనర్నే. పోయిందా, నా సొమ్ము పోయింది. ఇప్పుడు ఈ కవరు తీసుకున్నాననుకోండి, మళ్ళీ మీ దగ్గర జీతం మనిషినైపోతా. తీసుకుపోండయ్యా.”

ఆంజనేయులు కవరు వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఏడేళ్ళుగా గుండెల మీద మోసింది పాపభయం అనుకున్నాడు. అందులో పెద్దరికం పాలు కూడా తక్కువేం లేదని ఆ రేకుల పంచలో కూర్చుని ఉండగా తెలిసొచ్చింది. తను చెబితే ఆగేది, తను చెప్పకపోతే పడింది అని ఆ మనిషి బతుకంతా తన నోట్లోనే ఉన్నట్టు అనుకుంటూ వచ్చాడు. ఆమె ఏనాడూ అలా అనుకోలేదు.

“తప్పయింది పున్నమ్మా” అన్నాడు.

“దేనికి?”

“ఈ కవరు తెచ్చినందుకు.”

ఆమె నవ్వలేదు గానీ ముఖం తేలికపడింది. లోపలికెళ్ళి మజ్జిగ తెచ్చిచ్చింది. ఆ హైదరాబాదు కంపెనీ స్టోరువాళ్ళు పిలిచారని, ఒకటో తారీఖు నుంచి వెళ్తున్నానని చెప్పింది. ఆయన మజ్జిగ పూర్తిగా తాగి, “మంచిది, చేరు. నీ అంత సరుకు తెలిసినవాళ్ళు వాళ్ళకి మాత్రం ఎక్కడ దొరుకుతారు” అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఆంజనేయులు ఆ తర్వాత ఖాళీగా కూర్చోలేదు. రెండు కాలేజీ హాస్టళ్ళ వంటశాలలకి కందులూ మినుములూ రైతుల దగ్గర కొనిపెట్టే పని ఒప్పుకున్నాడు. పెద్ద రాబడి కాదు. వారానికి రెండు రోజులు గురజాల, మాచర్ల బస్సుల్లో కనపడతాడు. ఇంటికి ఆన్‌లైన్ పార్సిల్ వస్తే రహీమ్‌ను కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తాడు.

ఆ ఏడు కార్తీకమాసంలో ఒక ఆదివారం భావన వచ్చింది. పున్నమ్మ కూతురు ఇప్పుడు ఒక ప్రైవేటు ఆస్పత్రిలో బిల్లింగులో పనిచేస్తోంది. అరుగు మీద ఆయన పక్కన కూర్చుని ఫోన్ చూపించింది.

“తాతా, అమ్మ పనిచేసే కంపెనీ షేరు బాగా పడిపోయింది. ఆన్‌లైన్ వాళ్ళ దెబ్బకి వాళ్ళకి కూడా అమ్మకాలు తగ్గాయంట. ఇంకో కంపెనీ కూడా మన ఊళ్ళో స్టోరు పెడతందంట. ఇప్పుడు తక్కువలో ఉంది, కొనుక్కోమని మా ఆఫీసులో అంటన్నారు. మా అమ్మని అడిగితే, ‘శెట్టిగారిని అడుగు, ఈసారి నోరు విప్పి చెప్తాడు’ అంది.”

ఆంజనేయులు ఫోన్లో షేరు ధర ఎర్రగీత కిందికి దిగడం చూశాడు. తమను కొట్టినవాణ్ణి ఇంకొకడు కొడుతున్నాడు. సంతోషం కలుగుతుందేమోనని చూసుకున్నాడు. కలగలేదు. ఆ మూడంతస్తుల్లో ఇప్పుడు పున్నమ్మ ఉంది, పొదుపు బజారు కుర్రాళ్ళు ఉన్నారు.

“చెప్తా తల్లీ. కొట్టు చౌకగా దొరుకుతుందని కొనకూడదు. ఆ కొట్టుకి జనం ఎందుకొస్తున్నారో, రేపు ఎందుకు రాకుండా పోతారో తెలియాలి. ఆ కంపెనీ మమ్మల్ని ఎట్టా కొట్టిందో నేను విడమరిచి చెప్పగలను. దాన్ని కొట్టేవాడు ఎంతదూరం వెళ్తాడో నాకు తెలియదు. వీళ్ళు తట్టుకోవచ్చు, తట్టుకోలేకపోవచ్చు. నీ దగ్గరున్నది ఎంత?”

ఆమె చెప్పింది.

“అదంతా పెట్టబాక. పోతే నీ తిండికీ నిద్రకీ ఇబ్బంది లేనంత పెట్టు, అది కూడా పెట్టాలనిపిస్తేనే. ముందు వెళ్ళి మీ అమ్మ పక్కన ఒక ఆదివారమంతా నిలబడు. బండ్లు నిండుగా బయటికొస్తున్నాయో, చల్లగాలికి తిరిగి పోతున్నారో చూడు. ఆ తర్వాత నీ బుద్ధికి తోచింది చెయ్యి.”

భావన తల ఊపి, ఫోన్ సంచిలో పెట్టుకుని లేచింది. ఆమె కొన్నదో లేదో ఆయన తర్వాత అడగలేదు. శ్యామల పిలిస్తే లోపలికి వెళ్ళి, మర్నాడు మాచర్ల ప్రయాణానికి చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు.